పోయి వచ్చిన పన్ను

మొన్నటి వానాకాలంలో శ్రీరంగాపూర్ వైపు నుంచి ఒక కుటుంబం వనపర్తిలోని నా క్లినిక్‌కు వచ్చింది. తల్లి, తండ్రి, ఒక ముసలమ్మ, రెండేళ్లు దాటిన పాప. పాప మెట్ల మీద జారి నోరు కొట్టుకుంది. పై పెదవి ఉబ్బి, పై వరుసలో ముందరి పన్ను ఒకటి కనపడటం లేదు. నేను పళ్ళ డాక్టరును. ఇట్లా దెబ్బ తగిలిన పిల్లలు వస్తే అడగవలసినవి ఒక వరుసలో అడుగుతాను. ఎప్పుడు పడింది, ఎక్కడ పడింది, స్పృహ తప్పిందా, వాంతి అయిందా, టీకాలన్నీ వేయించారా, పన్ను దొరికిందా. చివరి ప్రశ్న దగ్గర ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"దొరకలే సార్. ఇల్లంత ఊడ్చినం. ఊడ్చిన మన్ను గూడ జల్లెడ పట్టినం" అంది తల్లి. మింగిందేమోనని తండ్రి భయం. ముసలమ్మ కొంగులోంచి ఒక కాగితం పొట్లం తీసి నా బల్ల మీద పెట్టింది. అందులో ఇంటి దుమ్ము ఉంది. "మీ కండ్లు మంచిగుంటయ్ గద సారూ, మీరొక్కపారి చూడున్రి" అంది.

ఎక్స్‌రే తీశాను. నేను అనుకున్నట్టే పన్ను ఎక్కడికీ పోలేదు. దెబ్బకు నిలువునా పైకి, చిగురు లోపలికి దిగబడిపోయింది. అదృష్టం ఏమిటంటే పెదవి వైపుకు ఒరిగింది కానీ, వెనుక ఎముకలో తయారవుతున్న పెద్ద పన్ను మొలక మీదికి పోలేదు. తెర మీద చూపించి చెప్పాను. ఇట్లాంటి పాలపన్ను చాలామటుకు కొన్ని నెలల్లో తనంతట తానే కిందికి దిగివస్తుంది, లాగొద్దు, కదపొద్దు, మెత్తటి తిండి పెట్టండి, మెత్తటి బట్టతో చిగురు తుడవండి, వాపు గానీ చీము గానీ జ్వరం గానీ కనిపిస్తే ఆ రోజే తీసుకురండి. తల్లి ఊపిరి పీల్చుకుంది. ముసలమ్మ మాత్రం తెర మీది ఆ తెల్లటి ముక్కను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"లోపటనే ఉందా? ఉండి, మల్ల వస్తదా?"

ఆమె గొంతులో ఉన్నది సంతోషం కాదు. ఆ గొంతు నాకు తెలుసు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ రోజు ఇంకెవరినీ చూడలేకపోయాను.

మాది గట్టు మండలంలో, కర్ణాటక సరిహద్దు అంచున ఒక ఊరు. ఇల్లు మట్టిమిద్దె. రాతి గోడలు, వేపదూలాలు, దూలాల మీద అడ్డకట్టెలు, వాటి మీద ఆకు, ఆకు మీద మూరెడు మన్ను. వాన నీళ్ళు ఇంకకుండా ప్రతి ఎండాకాలం పైన చౌడు పరిచేవాళ్ళు. మధ్య గదికి కిటికీ లేదు. పైకప్పులో బువ్వ గిన్నెంత రంధ్రం ఉండేది, దాన్ని గవాచి అనేవాళ్ళం. పగలంతా ఆ గదిలో వెలుతురు అంటే అదొక్కటే. నేల మీద గుండ్రంగా పడి, పొద్దుతో పాటు జరుగుతూ పోయేది. ఇంట్లో ఎప్పుడూ ఒకే వాసన: తడిమన్ను, పెండ, జొన్నరొట్టె మాడిన వాసన, మూలన పెట్టిన పత్తిమందు డబ్బాల వాసన. ఇప్పుడు ఎక్కడైనా పాత గోడ కూలిస్తే ముక్కుకు తగిలేది సగమే, మిగతా సగం ఇంకెక్కడా దొరకదు.

ఇంట్లో పెద్ద అవ్వ, అంటే మా నాయినకు తల్లి. పుట్టిల్లు రాయచూరు వైపు, కోపం వస్తే వద్దనడానికి కన్నడంలో "బ్యాడ, బ్యాడ" అనేది. తెల్లవారకముందే లేచి వాకిట్లో పెండనీళ్ళు చల్లేది, పొయ్యిలో బూడిద ఎత్తేది, వక్కల సంచి విప్పి ఒక వక్క దవడకు వేసుకునేది, ఆ తర్వాతే ఎవరితోనైనా మాట. ఆమె నియమాల్లో ఒకటి పళ్ళ గురించి. ఇంట్లో ఏ పిల్లవాడి పాలపన్ను ఊడినా పెండముద్దలో పెట్టి మిద్దె మీదికి విసరాలి. "పాతది తీస్కో, కొత్తది ఇయ్యి" అనాలి. అందరి ఇళ్ళలోనూ అదే చేస్తారు. కానీ మా మిద్దె మీదికి ఏళ్ళ తరబడి పడిన పళ్ళ మీద ఏటేటా చౌడు పరుస్తూ వచ్చారు. మా నాయినవి, చిన్నాయినలవి, మేనత్తలవి, అంతకుముందు వాళ్ళవి, అందరి పళ్ళూ మా నెత్తి మీది మన్నులో ఉన్నాయి. ఆ సంగతి తెలిశాక నేను మధ్య గదిలో వెల్లకిలా పడుకోవడం మానేశాను.

అది సీడు పత్తి క్రాసింగ్ నడిచే కాలం. మా వైపు ఊళ్ళకు ఊళ్ళు ఆ పని మీదే ఉంటాయి. సాయంత్రం ఆడ సాలులోని మొగ్గలను గిల్లి, పుప్పొడి తీసేసి, ఎర్ర కాగితం తొడుగుతారు. తెల్లవారి మగ సాలు పువ్వు తెంపి తెచ్చి దాని మీద రుద్దుతారు. ఒక మధ్యాహ్నం అమ్మ చేను నుంచి అన్నం కోసం వచ్చింది. మా చెల్లెలు మంజుల అమ్మను చూసిన సంబరంలో ఉరికివచ్చి కడప రాయి మీద బోర్లా పడింది. అప్పటికి దానికి మూడేళ్ళు నిండలేదు. నోరంతా నెత్తురు. అమ్మ ఎత్తుకొని నీళ్ళ గోలెం దగ్గర మూతి కడిగేసరికి పై వరుసలో ముందరి పన్ను లేదు.

"ఏడవోయిందే పన్ను? గాల్లె కల్సిపోతదా?" అంది అవ్వ.

"నాకేం తెలుసత్తా. కడిగి చూసేసరికే లేదు."

ఏడుపు ఆగాక మంజుల బాగానే ఉంది. అన్నం కూడా తింది. పరేషాన్ అంతా అవ్వకే. కడప దగ్గర, గోలెం దగ్గర, అరుగు కింద వెతికించింది. తర్వాత అనుమానం కోళ్ళ మీదికి పోయింది. వాకిట్లో తిరుగుతున్న కోళ్ళను ఒకటి తర్వాత ఒకటి కోయించి, కందనకాయ చీల్చి చూసింది. రాళ్ళు, గింజలు, ఒక గాజుముక్క.

"ఒక్క పన్నుకు ఎన్ని కోళ్ళు కోస్తవమ్మా?" అన్నాడు నాయిన.

"దొర్కేదాంక."

"గట్లయితె పక్కింటోళ్ళయి గూడ తెస్త తియ్యి. పుణ్యముంటది."

అవ్వ నవ్వలేదు. మేము మాత్రం ఆ రోజుల్లో పండుగకు కూడా తిననంత కోడికూర తిన్నాం.

కోళ్ళు అయిపోయాక వాకిలి మన్ను జల్లెడ పట్టడం మొదలైంది. అమ్మ ఎత్తి పోస్తుంటే అవ్వ జల్లెడ ఊపేది, నేను మిగిలిన గరుసులో వెతికేవాణ్ణి. మిద్దె తూము కింద, వాన నీళ్ళు ధారకట్టి పడేచోట, నాకు పన్ను దొరికింది. "దొర్కింది!" అని అరిచాను. అమ్మ చేతిలోకి తీసుకొని తిప్పి చూసింది. అది గోధుమరంగులో ఉంది, అడుగున వేరు లేదు, బోలుగా ఉంది. ఈ రోజు అయితే చూడగానే చెబుతాను, అది దెబ్బకు ఊడిన పన్ను కాదు, ఈడు వచ్చి రాలిన పన్ను. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే, అది మంజులది కాదు. ఇంకొక జల్లెడలో ఇంకొకటి వచ్చింది. తర్వాత ఇంకొకటి. ఏళ్ళ వానలకు మిద్దె మీది నుంచి కొట్టుకువచ్చినవి. వాకిట్లో చాట మీద ఎవరివో తెలియని పళ్ళు వరుసగా పేరుకున్నాయి. మంజులది తప్ప.

అవ్వ వాటిలో ఒకదాన్ని ఏరి కంటికి దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని వక్కల సంచిలో వేసుకొని సంచి మూతి బిగించింది. ఎవరిదో చెప్పలేదు.

ఆ మరునాడు అవ్వ తేల్చి చెప్పింది. మిద్దెకు ఇవ్వవలసిన పన్ను ఇవ్వలేదు, దాని బదులు ఇంకొకటి ఇవ్వాలి. నాకు అప్పుడు ఆరేళ్ళు. కింది పన్ను అప్పటికే ఊగుతోంది.

"కిందిది ఎట్లనూ ఊడుతది గదత్తా. గది తియ్యి" అంది అమ్మ.

"పైది పోతే పైదే ఇయ్యాలె. ఏది పోయిందో మిద్దెకు తెల్వదా?"

నా పై పన్ను ఏదో కాస్త కదిలినట్టు ఉండేది, అంతే. అవ్వ పత్తినూలు దారం పేని, పన్నుకు ముడి వేసి, నన్ను గవాచి వెలుతురులో కూర్చోబెట్టి లాగింది. ఒక్కసారికి రాలేదు. ఆ నొప్పి గురించి చెప్పను. పెండలో పెట్టిన నా పన్ను నా చేతికిచ్చి, చెల్లెలి పేరు చెప్పి వెయ్యమంది. "మంజుల పన్ను తీస్కో" అని విసిరాను. అది పైన పడ్డ చప్పుడు వినపడలేదు. కానీ మేము లోపలికి వచ్చేసరికి మధ్య గదిలో ఆడుకుంటున్న మంజుల ఒళ్ళో పైకప్పు నుంచి పిడికెడు మన్ను రాలి ఉంది. చెదలు పట్టిన మిద్దెల్లో మన్ను రాలుతూనే ఉంటుందని నాయిన అన్నాడు. అవ్వ మాత్రం పైకి చూసి తల ఊపింది.

చలి ముదిరాక ఒక పొద్దున అమ్మ మంజుల ముఖం కడుగుతూ ఆగిపోయింది. చిగురులో బియ్యపుగింజ మొనంత తెలుపు. రోజురోజుకూ అది దిగుతూ వచ్చింది. పన్నే. మొలిచే పన్ను లాగా సన్నగా కాదు, వెడల్పుగా, పూర్తిగా తయారైనది, ఎక్కడి నుంచో నడిచివస్తున్నట్టు. మూడేళ్ళ పిల్లకు పోయిన పన్ను మళ్ళీ ఎట్లా వస్తుందని ఇరుగుపొరుగు వచ్చి చూసిపోయారు.

అవ్వ దగ్గర సమాధానం ఉంది. "ఇది దీనిది గాదు, పిలగానిది. మనం పత్తిల చేస్తలేమా? ఈ సాలుది తెచ్చి ఆ సాలుకు పెడితే కాయ కడ్తలేదా? మిద్దె గిట్లనే పెట్టింది." అంత సంతోషంగా ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు బెల్లం బువ్వ వండించింది.

నాకు మాత్రం ఆ బువ్వ సహించలేదు. నా పన్ను మంజుల నోట్లో ఉంది. నా చిగురు ఇంకా ఖాళీగానే ఉంది. అది జొన్నరొట్టె కొరికితే నా ఖాళీలో జివ్వుమనేది. నిద్రలో అది పళ్ళు కొరికితే నేను దవడ పట్టుకొనేవాణ్ణి. అది నవ్వితే నేను నోరు మూసుకొనేవాణ్ణి. దానికి ఇదంతా ఆటగా ఉండేది. "అన్నా, నీ పన్ను" అని వేలితో చూపించి ఇంకా పెద్దగా నవ్వేది.

చౌడు పరిచే రోజులు వచ్చేసరికి ఆ పన్ను రంగు మారింది. మొదట పాలిపోయింది, తర్వాత బూడిదరంగు, తర్వాత దాదాపు నలుపు. మిగతా పళ్ళన్నీ తెల్లగా, మధ్యలో అదొక్కటి. చూసిన రోజు అవ్వ చేతిలోని రొట్టె పెనం మీదనే వదిలేసి వచ్చి మంజులను వెలుతురులోకి లాగింది. పెదవి ఎత్తి చూసింది. కిందికి కూలబడింది.

అప్పుడు చెప్పింది, మా అమ్మకు కూడా అంతవరకు తెలియని మాట. మా నాయినకు ముందు అవ్వకు ఒక కూతురు ఉండేది. ఆ కాలంలో ఇంట్లో ఆమెను ఎవరూ పేరుతో పిలిచేవాళ్ళు కాదు, పెద్దపిల్ల అనేవాళ్ళు. ఆ పిల్ల కూడా ఇట్లాగే పడింది. పై పన్ను ఇట్లాగే పోయింది, ఇట్లాగే వచ్చింది, ఇట్లాగే నల్లబడింది. తర్వాత చిగురు మీద చీముగుల్ల లేచింది. ముఖం వాచి కన్ను మూసుకుపోయింది. జెరం. దవాఖాన లేదు, బండి కట్టి పోయేసరికి దారిలోనే అయిపోయింది. కింది పన్ను ఒకటి ఊడి మిద్దెకు ఇచ్చిన ఏడే అది.

"అప్పుడు మిద్దెకు బదులు ఇయ్యలే. అందుకే అయిందనుకున్న. ఇప్పుడు ఇస్తిమి గద. ఇచ్చినా వచ్చింది" అని నేల చూస్తూ అంది.

ఆమె నిర్ణయం వెంటనే జరిగిపోయింది. ఇటిక్యాలలో ఉన్న తమ్ముడికి కబురు పెట్టింది. ఎడ్లకు నాడాలు కొట్టే మనిషి, ఊళ్ళో ఎవరి పన్ను నొచ్చినా ఆయన పట్టకారుతోనే తీసేవాడు. మరునాడు పొద్దున్నే ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ మంజులను చంకన వేసుకొని మధ్య గది తలుపుకు అడ్డంగా నిలబడింది.

"అత్తా, పిల్ల తింటుంది, ఆడుతుంది, వాపు లేదు, జెరం లేదు. నొయ్యని పన్ను ఎందుకు తీస్తవ్?"

"నొచ్చినంక తీస్తె ఏముంటదే? నేను గట్లనే చూస్కుంట కూసున్న. చూస్కుంట కూసున్న!"

"పట్టకారు నా పిల్ల నోట్లె పెట్టనియ్య."

"నీ పిల్ల! నాకు గాదా?"

ఇద్దరూ ఏడుస్తున్నారు. నాయిన మధ్యలో నిలబడి అటూ ఇటూ చూశాడు. అరుగు మీది ముసలాయన పట్టకారును తువాలుతో తుడుస్తూ, "మీరు తేల్చుకొని చెప్పున్రక్కా, నాకు ఎడ్లు ఎదురుచూస్తున్నయ్" అన్నాడు. చివరకు అమ్మే దారి చూపింది. "గద్వాలల పండ్ల డాక్టరున్నడంట. నువ్వు గూడ రా. ఆయన తియ్యాలంటే నేనే పట్టుకుంట, తీపిద్దాం."

బస్సులో గద్వాల దాకా అవ్వ మంజుల ముఖం మీది నుంచి చూపు తీయలేదు. ఆ డాక్టరు నడివయసు మనిషి. చిన్న అద్దం పెట్టి చూశాడు, వేలితో చిగురు నొక్కాడు, పన్నును మెల్లగా కదిపాడు. అవ్వ చెప్పిందంతా, కోళ్ళతో సహా, నవ్వకుండా విన్నాడు. తర్వాత ఆమెకే చెప్పాడు, అమ్మకు కాదు.

"అవ్వా, పన్ను ఏడికీ పోలే. దెబ్బకు లోపలికి గుంజుకపోయింది, మల్ల దిగింది. లోపట నెత్తురు గడ్డకట్టి నల్లగయింది, దెబ్బ తగిల్న గోరు నల్లగయితది చూడు, గట్ల. వాపు లేదు, చీము లేదు. ఇప్పుడు తీసే పని లేదు. కాని నువ్వు చెప్పిన గుల్ల ఉంది గద, అది లేస్తె మాత్రం ఆ దినమే తీస్కరా. అప్పుడు నేనే తీస్త. గుల్లకు నువ్వు భయపడుడు తప్పు గాదు."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అడిగింది. "మా పెద్దపిల్లకు గుల్ల లేసిన దినమే తెచ్చుంటె?"

ఆయన అద్దం తుడిచి పక్కన పెట్టాడు. "నేను చూడలే గదవ్వా. నాకు తెల్వదు."

ఈ చదువు చదివాక నాకు అన్నిటికీ కారణాలు దొరికాయి. పన్ను ఎందుకు కనపడలేదు, ఎందుకు దిగింది, ఎందుకు నల్లబడింది. నాది ముందుగా లాగేయడం వల్ల చిగురు గట్టిపడి పెద్ద పన్ను ఆలస్యంగా వచ్చింది. మంజుల పెద్ద పన్ను మీద ఇప్పటికీ ఒక తెల్లమచ్చ ఉంది, లోపల మొలకకు ఆనాడు తగిలిన దెబ్బ గుర్తు. మంజుల ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో టీచరు. మచ్చ తీసేస్తానంటే వద్దంటుంది. మిద్దె తీసేసి స్లాబు వేశాం. ఆ మన్నంతా ట్రాక్టరు పెట్టి పత్తిచేన్లో పోయించాం. నా దగ్గర ఎక్స్‌రే ఉంది, తెర ఉంది, చెప్పవలసినవి చెప్పడానికి ఒక వరుస ఉంది. కానీ పెద్దపిల్ల పోయింది ఆ పన్ను వల్లనా, ఆ కాలపు జ్వరాల్లో ఏదో ఒక దానివల్లనా అని అడిగితే ఆ గద్వాల డాక్టరు చెప్పినదానికన్నా ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేను. అప్పటికీ ఇప్పటికీ ఆ చోట ఏమీ మారలేదు.

గద్వాల నుంచి వచ్చిన మరునాటి నుంచి అవ్వ ఒక కొత్త పని పెట్టుకుంది. పొద్దున గవాచి వెలుతురు నేల మీద పడగానే మంజులను అందులో కూర్చోబెట్టి, చూపుడువేలితో పై పెదవి ఎత్తి, చిగురు మీద గుల్ల లేచిందేమో చూసేది. "లే, లేదు. పో" అనేది. ఏళ్ళ తరబడి ఒక్క పొద్దు కూడా తప్పలేదు. ఒళ్ళు కాలుతున్నా లేచి వచ్చి చూసేది. మంజుల బడికి పోయే ఈడు వచ్చింది. గుల్ల లేవలేదు. ఒక మధ్యాహ్నం బడిలో అన్నం తింటుంటే ఆ నల్ల పన్ను దానంతట అదే ఊడి చేతిలో పడింది. ఇంటికి తెచ్చి ఇస్తే అవ్వ తిప్పి తిప్పి చూసింది. అడుగున బోలుగా ఉంది. ఈడు వచ్చి రాలిన పన్ను.

మరునాడు పొద్దున మంజుల అలవాటుగా పోయి వెలుతురులో కూర్చొని, పెదవి తానే ఎత్తుకుంది. పెండగంప ఎత్తుకొని పోతున్న అవ్వ ఆగింది. "ఇగ అక్కెరలేదు. లెవ్వు. మా పెద్దపిల్ల ఈడు దాటినవ్ నువ్వు" అంది.

మంజుల లేచి ఆటకు పరిగెత్తింది. నేను గోడవారన కూర్చొని బడి పలక తుడుచుకుంటున్నాను. అవ్వ గంప దించి, ఆ వెలుతురు పక్కన తాను ఎప్పుడూ కూర్చొనే చోటనే కూర్చుంది. ఎదురుగా ఎవరూ లేరు. ఆమె చెయ్యి చాచి, చూపుడువేలిని మెల్లగా పైకి ఎత్తింది. చిన్నపిల్ల పెదవి ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో. కొంచెం ముందుకు వంగి, కళ్ళు చిట్లించి, లోపలికి చూసింది.

"లే" అంది. "లేదు. పో."

ఆమె ఉన్నన్నాళ్ళూ పొద్దున పూట ఆ వెలుతురుకు అడ్డంగా మేము ఎవరమూ నడవలేదు.